రెండు వేళ్ళు మునిగిన పడవ

కాటా మేస్త్రీ రోజూ ఉదయం ఎనిమిదింటికల్లా సైకిలెక్కేస్తాడు. సైకిలు వెనక చెక్కపెట్టె, పెట్టెలో యాభై గ్రాముల నుంచి రెండు కిలోల దాకా తూకం రాళ్ళు, రెండు స్క్రూడ్రైవర్లు, నూనె సీసా, మెత్తటి పాత గుడ్డ. ఊళ్ళో ఎవరి కాటా ముల్లు మొరాయించినా, పళ్ళెం ఒక పక్కకి ఒరిగినా అతనే వెళ్ళి సరిచేయాలి. నలభై ఒకటో ఏడు నడుస్తోంది. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే ప్రత్యేకంగా కారణమేమీ లేదు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకుంటూ ఉండగానే జుట్టు పలచబడింది.

ఆ మంగళవారం మొదట పాతపేపర్ల కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన ఎప్పట్లాగే స్టూలు మీద కాకుండా స్టూలుకి జానెడు పైన, గాల్లో కూర్చుని వారపత్రిక తిరగేస్తున్నాడు. అమ్మకానికొచ్చిన పత్రికల్లో సీరియళ్ళు చదవడం ఆయన అలవాటు. తర్వాతి సంచిక ఎప్పుడూ దొరక్కపోవడం ఆయన ఖర్మ.

"ఇంకా దిగలేదా?" అడిగాడు మేస్త్రీ, కాటా పళ్ళెం ఊడదీస్తూ.

"ఎలా దిగుతానయ్యా? ఆవిడ తలుపు తీసింది. బయట ఎవరున్నారో చెప్పకుండా కథ ఆపేశాడు రాసినవాడు. మూడు వారాలైంది. చెప్పులు అరగడం లేదు, అదొక్కటే లాభం."

అక్కణ్ణుంచి ఆసుపత్రి. అక్కడ మనుషుల్ని తూచే కాటా పక్కన గోడకి ఒక అట్ట తగిలించి ఉంటుంది. 'రిపోర్టు కోసం ఎదురుచూసేవారిని తూచరాదు' అని. ఆ అట్ట మేస్త్రీ రాయించిందే. ఎదురుచూసేవాళ్ళు ఆత్రానికి తేలికైపోయి ఎప్పుడూ బరువు తక్కువ చూపిస్తారు, డాక్టరు కంగారుపడి బలానికి మందులు రాసేస్తాడు. పురిటి గది బయట అయితే తండ్రుల తలలకి తగులుతున్నాయని వరండాలో ఫ్యాన్లే తీసేశారు.

మూడోది బైండింగు షాపు. నిజానికి అక్కడ కాటా పాడవలేదు. మేస్త్రీ అక్క బడిలో గుమాస్తా. హాజరు పుస్తకాలు బైండు చేయించడానికి వెళ్ళినప్పుడల్లా ఆ షాపావిడని గమనించి, ఇష్టపడి, ముప్పై ఎనిమిదేళ్ళదని, పెళ్ళి కాలేదని, వాళ్ళ నాన్న పోయాక షాపు ఒంటిచేత్తో నడుపుతోందని ఆరా తీసి, చివరికి, "మా తమ్ముణ్ణి పంపిస్తాను, మీ జిగురు కాటా ఒకసారి చూస్తాడు" అని చెప్పొచ్చింది. ఆవిడా సరేనంది. ఇద్దరికీ కాటా సంగతి కాదని తెలుసు. మేస్త్రీకి కూడా తెలుసు కాబట్టే ఆ పూట ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

జిగురు పొడి తూచే ఆ చిన్న కాటాని అతను పావుగంటసేపు తుడిచాడు. ఆవిడ బల్లకి అవతల కూర్చుని ఒక లావుపాటి పుస్తకాన్ని దారంతో కుడుతోంది. పక్కనే అలాంటివే ఇంకో నాలుగు. కొండలు నడిచే కథ అది. ఊళ్ళో పిల్లలందరూ చదివి చదివి అట్టలూడగొడితే, లైబ్రరీవాళ్ళు మూడోసారి బైండింగుకి పంపించారు. దాని మీద తీసిన సినిమా మొదటి భాగం నిరుడు వచ్చింది. రెండో భాగం ఈ వారమే వచ్చింది.

"మీరు బాగా చదువుతారని మీ అక్కగారు చెప్పారు," అందావిడ దారం పంటితో తెంపుతూ. "ఇవి చదివారా?"

ఆవిడ ముక్కు మీద జిగురు అంటుకుని ఉంది. కళ్ళు పెద్దవి. ఆ కళ్ళలో ఏదో ఆశ ఉంది. మేస్త్రీ జీవితంలో చదివినదల్లా కాటాల కంపెనీవాళ్ళు పంపే జాబితాలు. కానీ ఆ ఆశ చూశాక లేదనడానికి నోరు రాలేదు.

"చదివాను," అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఐదూ."

ఆవిడ మొహం విప్పారింది. "నిజంగా? అయితే శనివారం మ్యాట్నీకి వెళ్దామా? కింద పక్కపక్కన కూర్చుని చూడొచ్చు."

అతను తలూపి, సైకిలెక్కి, వీధి చివరిదాకా హాయిగా తొక్కుకుంటూ వెళ్ళి, అక్కడ బ్రేకు వేసి ఆగిపోయాడు. అప్పుడు తట్టింది ఎంత పని చేశాడో. కథ తెలియనివాడు హాల్లో ఎంతసేపు కుర్చీని అంటిపెట్టుకుని ఉండగలడు?

"ఎందుకలా కోతలు కోశావురా?" అని సంగతంతా విన్న అక్క తల పట్టుకుంది. అంతలోనే నవ్వు కూడా వచ్చింది.

"నువ్వే కదా బాగా చదువుతానని చెప్పావు."

"బాగా చదువుతావన్నాను. ఐదూ అన్నానా? నీకు చెప్పనేలేదు కదూ, ఆవిడ ఇంతకుముందు మూడు సంబంధాలు వద్దంది. మూడింటికీ ఇదే పరీక్ష. సినిమాకి తీసుకెళ్తుంది. వాళ్ళు పైకి పోతారు. ఆవిడ ఇంటికి పోతుంది."

మంగళవారం దాకా పెళ్ళి గురించి పెద్దగా ఆలోచించని మేస్త్రీ, ఈ సంబంధం తప్పిపోతుందేమో అనగానే అన్నం సయించక కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆవిడ కావాలనిపించింది అతనికి. ఆ ముక్కు మీది జిగురుతో సహా.

బుధవారం లైబ్రరీకి వెళ్ళి, బైండింగుకి పోకుండా మిగిలిన ఇంకో ప్రతి ఉంటే, మొదటి పుస్తకం తెచ్చుకున్నాడు. తెరవగానే రెండు పేజీల పటం. తర్వాత ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు తమ్ముళ్ళు. ముగ్గురికీ వాళ్ళ తాత ఒకటే పేరు పెట్టాడట, ఎవరేదో కనుక్కోవడం మన పని. పదకొండో పేజీలో ఒక కొండ లేచి నడవడం మొదలుపెట్టింది, ఇక్కడ మేస్త్రీ కూర్చున్నచోటే గుర్రుపెట్టాడు. గురువారం మళ్ళీ మొదటినుంచి మొదలెట్టి, మళ్ళీ అదే కొండ దగ్గర పడుకున్నాడు.

అతని బావ మొదటి భాగం చూసినవాడే. టైలరు. మాట్లాడేటప్పుడు కూడా నోట్లో గుండుసూదులుంటాయి.

"చాలా సులువోయ్," అన్నాడు బావ సూదుల మధ్యనుంచి. "ఒక పిల్ల ఉంటుంది. ఆ పిల్ల నీడ పోతుంది. నీడ కోసం వెతుకుతుంది. కొండలన్నీ పడమటికి నడుస్తుంటాయి. గుడ్డి రాణి ఒకావిడ గుర్రం మీదొస్తుంది. ఆవిడ మంచిదా చెడ్డదా అంటే, ఇంటర్వెల్ దాకా మంచిది."

"తర్వాత?"

"తర్వాత నేను పైన చిన్నపిల్లల మధ్య ఇరుక్కుపోయాను. ఎవడో పాప్‌కార్న్ చొక్కాలో పోశాడు. సరిగ్గా చూళ్ళేదు."

చదువుతో అయ్యే పని కాదని తేలిపోయాక, మేస్త్రీ తనకి తెలిసిన పద్ధతికే వచ్చాడు. వరండాలో రిపేరుకొచ్చిన పెద్ద కాటా ఉంది, బస్తాలు తూచేది. దాని మీద నిలబడ్డాడు. అరవై నాలుగు కిలోలు. అక్క రేడియో పెట్టింది. నాటకంలో హంతకుడు ముసుగు తీయబోతున్నాడు. సరిగ్గా అప్పుడు బావ టక్కున రేడియో కట్టేశాడు. ముల్లు ముప్పై ఏడుకి దిగింది.

"ఇరవై ఏడు కిలోలు," అన్నాడు మేస్త్రీ పెన్సిలు చెవి సందులోంచి తీసి. "రేడియోకి ఇరవై ఏడైతే సినిమాకి మూడు రెట్లనుకో. ఎనభై ఒకటి. నా అరవై నాలుగూ పోను పదిహేడు. పద్ధెనిమిది కిలోలు ఒంటి మీదుంటే కదలను."

"బెల్టు పెట్టుకోరాదూ? కుర్చీలకి ఉంటాయిగా."

"అవి చంటిపిల్లలకీ గుండెజబ్బు వాళ్ళకీ అక్కా. నేను బెల్టు పెట్టుకుంటే చదవలేదని నేనే ఒప్పుకున్నట్టు."

బావ తన పాత కోటు ఇచ్చాడు. లోపలి గుడ్డకి పన్నెండు జేబులు కుట్టాడు. శనివారం మధ్యాహ్నం మేస్త్రీ పన్నెండింటిలోనూ రాళ్ళు దిగేసుకుని, అద్దం ముందు ఒకసారి వంగి చూసుకుని, మళ్ళీ లేవడానికి అక్క చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. సైకిలు మీద వద్దని బావ పట్టుబట్టి రిక్షాలో పంపించాడు. దారిలో ప్రతి గుంటకీ రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు.

సినిమా హాలు పాతదే గానీ శుభ్రంగా ఉంటుంది. కప్పు నిండా బొంతలు పరిచి కుట్టేశారు, ఎవరి తలా పగలకుండా. గోడ పక్కన కొక్కెం తాత పొడుగాటి కర్రతో నిలబడి ఉంటాడు. కర్ర చివర గుడ్డ చుట్టిన కొక్కెం. దిగలేక దిక్కులు చూసేవాళ్ళని చొక్కా కాలరు పట్టి మెల్లిగా దించడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళలో ఒక్క కాలరు కూడా చిరగలేదని చెప్పుకుంటాడు.

బైండింగావిడ ముందే వచ్చి టిక్కెట్లతో నిలబడి ఉంది. గంధం రంగు చీర, జడలో ఏమీ లేదు, ముక్కు మీద జిగురు కూడా లేదు. అది లేకపోవడం మేస్త్రీకి కొంచెం వెలితిగా అనిపించింది.

"ఇంత ఉక్కలో కోటేమిటండీ?"

"కొంచెం జలుబు చేసి..."

అతను కూర్చుంటే కుర్చీ కిర్రుమంది. పక్క కుర్చీ కూడా కిర్రుమంది. లైట్లు ఆరిపోయాయి.

మొదటి అరగంటా మేస్త్రీ కదల్లేదు, రాళ్ళ పుణ్యం కాదది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు, అర్థం కానిదాని మీద ఎవరికీ ఆత్రం పుట్టదు. నీడ పోగొట్టుకున్న పిల్ల ఎవరితోనో గట్టిగా పోట్లాడింది, ఎందుకో తెలియదు. గుడ్డి రాణి వచ్చింది, హాలంతా చప్పట్లు కొట్టింది, అతనూ కొట్టాడు. ముందు వరసల్లో పిల్లలు అప్పటికే సబ్బు బుడగల్లా పైకి లేస్తున్నారు. పుస్తకాలు చదివిన పెద్దపిల్లలు కూడా, ఎలా తీశారో చూద్దామన్న సరదాకి, రెండడుగులు లేచి అక్కడ ఊగుతున్నారు.

బైండింగావిడ మాత్రం నేలకి పాదాలు పూర్తిగా ఆనించి కూర్చుంది. "పుస్తకంలో ఈ యుద్ధం వానలో జరుగుతుంది కదూ?" అని అతని చెవి దగ్గర చెప్పింది.

"అవును, పెద్ద వాన," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ సంతోషంగా నవ్వింది. అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడొచ్చాడు పడవవాడు. నడివయసు మనిషి, మాసిన తలపాగా, పెద్దగా మాటల్లేవు. ఎవరో ఒక తాళం వేసిన పెట్టె తెచ్చి అతని చేతిలో పెట్టి, ఏటికవతల ఎవరొచ్చి అడిగితే వాళ్ళకివ్వమన్నారు. ఎవరొస్తారో చెప్పలేదు. పెట్టెలో ఏముందో చెప్పలేదు. పడవవాడు అడగలేదు కూడా. పని ఒప్పుకున్నాడు గనక పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని తెడ్డు వేశాడు. అవతలి ఒడ్డున ఎవరూ లేరు. ఒక రోజు చూశాడు. తిరిగొచ్చాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. వెనకనుంచి ఒక కొండ నడుచుకుంటూ ఏటివైపు వస్తోంది, అయినా అతను మళ్ళీ పెట్టె ఎక్కించుకున్నాడు.

ఈ మనిషి మేస్త్రీకి అర్థమయ్యాడు. రాజులు అర్థం కాలేదు గానీ, అప్పజెప్పిన పనిని వదలలేనివాడు అర్థమయ్యాడు. ఇతను బతుకుతాడా? పెట్టె ఎవరికైనా చేరుతుందా? ఆ రెండు ప్రశ్నలూ కడుపులోంచి మొదలై భుజాలదాకా ఎక్కాయి. తొడల కింద కుర్చీ తగలడం మానేసింది. రేడియో హంతకుడు ఎవడైతే అతనికేం, ఇక్కడ లెక్క వేరు. కోటు కిందకి లాగుతోంది, ఒళ్ళు పైకి లాగుతోంది, చంకల్లో కుట్లు ఒక్కొక్కటీ టప్‌టప్‌మంటున్నాయి.

"మీరు బాగానే ఉన్నారా?" అందావిడ.

సమాధానం చెప్పేలోపే లోపలి గుడ్డ ఈ చివర్నుంచి ఆ చివరికి చిరిగిపోయింది. పన్నెండు రాళ్ళూ సిమెంటు నేల మీద పడి, వాలు హాలు కదా, దొర్లుకుంటూ, కుర్చీ కాళ్ళకి ఠంగుఠంగుమని కొట్టుకుంటూ తెరదాకా వెళ్ళాయి. హాలంతా గొల్లుమంది. ఆవిడ గబుక్కున అతని కాలు పట్టుకోబోతే చెప్పు చేతికొచ్చింది. మేస్త్రీ గాలికి ఎగిరిన చొక్కాలా వెళ్ళి బొంతలకి ఆనుకున్నాడు.

అక్కడ ఇటు నలుగురు పిల్లలు, అటు ఒక రిటైరైన పోస్టుమాస్టరు. ఎవరూ అతనివైపు చూడలేదు, అతనూ ఎవరివైపూ చూడలేదు. పడవవాడు మూడోసారి తెడ్డు వేశాడు, కొండ నీళ్ళలోకి ఒక కాలు పెట్టింది, పడవ గిర్రున తిరిగింది, ఇంటర్వెల్ అని పడింది.

కొక్కెం తాత దించాక గానీ మేస్త్రీకి ఈ లోకం గుర్తురాలేదు. గుర్తొచ్చాక తల ఎత్తుకోలేకపోయాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. ఆవిడ రాళ్ళన్నీ ఏరి, పైటకొంగులో పోసుకుని, తన కుర్చీలో కూర్చుని ఉంది.

"పదకొండున్నాయి," అంది. "ఒక రెండు వందల గ్రాములది తెర కిందకి పోయింది."

"నేను చదవలేదండీ," అన్నాడు మేస్త్రీ. "పదకొండు పేజీలు చదివాను. రెండుసార్లు."

"అర్థమైంది." కోపంగా కూడా అనలేదావిడ. కోపంగా అంటేనే నయమనిపించింది అతనికి. "చదవకపోవడం తప్పు కాదు. చదివానని ఎందుకు చెప్పారు?"

"మీరు ఆశగా అడిగారు. లేదంటే మీ మొహం చిన్నబోతుందేమోనని."

ఆవిడ కాసేపు రాళ్ళని సైజులవారీగా పేర్చింది. తర్వాత చెప్పింది. "బైండింగుకొచ్చిన పుస్తకంలో ముందు చివరి పేజీలు చూసుకోవాలి. ఎప్పుడూ చిరిగేవి అవే. పదేళ్ళప్పటినుంచీ ఆ పని నాదే. అందుకని ఏ కథైనా నాకు ముందు చివరే తెలుస్తుంది. మా నాన్న కుట్టేవాడు గానీ చదివేవాడు కాదు. నన్ను ప్రతి ఆదివారం సినిమాకి తీసుకొచ్చేవాడు. లైట్లు ఆరగానే పైకి పోయేవాడు. నేనిక్కడ ఒక్కదాన్నే. చుట్టూ ఖాళీ కుర్చీలు. మంచివాడే, కానీ ఒక్కసారి కూడా కిందకి చూసేవాడు కాదు."

ఆవిడ ఆఖరి రాయి పక్కన పెట్టింది. "మీరూ చూళ్ళేదు."

"చూళ్ళేదు," అని ఒప్పుకున్నాడు మేస్త్రీ. ఈసారి అబద్ధం ఆడడానికి అతనికి ఓపిక లేదు.

"నాకేం పెద్ద కోరికల్లేవండీ. పక్కన ఒక మనిషి కూర్చుని ఉండాలి, అంతే. మీరు రెండో సగం హాయిగా పైనుంచి చూడండి. అయ్యాక నేను ఇంటికి వెళ్తాను. మనసులో ఏం పెట్టుకోకండి."

ఇక ముందుకి జరిగేదేమీ లేదని మేస్త్రీకి తెలిసిపోయింది. రాళ్ళు తీసుకుని ఆవిడ కుర్చీ కింద పెట్టి పక్క కుర్చీలో కూలబడ్డాడు. గంట మోగింది. పిల్లలు పాప్‌కార్న్ పొట్లాలతో పరిగెత్తుకొస్తున్నారు. పడవవాడి సంగతేమైందో తెలుసుకోవాలని అతని కాళ్ళు అప్పుడే తేలికవుతున్నాయి. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"చివర చెప్పేయండి," అన్నాడు.

"ఏమిటీ?"

"పడవవాడు ఏమవుతాడో, పెట్టెలో ఏముందో, మొత్తం ఇప్పుడే చెప్పేయండి. తెలిసిపోతే నేను లేవను. మీ పక్కనే కూర్చుంటాను."

ఆవిడ అతనివైపు తిరిగి చూసింది. ఆ హాల్లో ఆ మాట ఎవరూ ఎవర్నీ అడగలేదు, ముందే చెప్పినవాళ్ళని కొట్టినంత పని చేసినవాళ్ళే గానీ. "మీకు ఆ పడవవాడంటే ఇష్టం కదా. సినిమా అంతా పాడైపోతుంది."

"పోతే పోయింది. చెప్పండి."

లైట్లు ఆరేలోపు ఆవిడ చెప్పింది. పడవవాడు బతుకుతాడు. ముసలివాడవుతాడు. పెట్టె కోసం ఎవరూ రారు. ఐదో పుస్తకం ఆఖరి పేజీల్లో ఆ నీడ పోయిన పిల్లే వచ్చి తాళం తీస్తుంది. పెట్టె ఖాళీ. మొదటినుంచీ ఖాళీయే.

"ఖాళీయా?" అన్నాడు మేస్త్రీ. ఒక్కసారిగా అరవై నాలుగు కిలోలూ కుర్చీలోకి దిగిపోయాయి. చాలా బాధేసింది అతనికి. అన్నేళ్ళూ ఖాళీ పెట్టెని మోశాడా ఆ మనిషి! అయినా పక్కన ఆవిడ మోచెయ్యి తగులుతోంది. అది బాగుంది. ఆ రెండూ ఒకేసారి ఉన్నాయి అతనిలో, ఏదెక్కువో ఏ కాటా మీదా తూచలేడు.

సినిమా నడిచింది. పిల్లలు పైకి పోయారు, పోస్టుమాస్టరు పైకి పోయాడు. కింద వాళ్ళిద్దరే మిగిలారు. ఆవిడ ఒకసారి పక్కకి చూసింది. అతను ఉన్నాడు. ఇంకాసేపటికి మళ్ళీ చూసింది. అప్పుడూ ఉన్నాడు. ఆవిడ కుర్చీలో వెనక్కి ఆనుకుని, పైట సర్దుకుని, మొట్టమొదటిసారి పాప్‌కార్న్ పొట్లం అతని ముందుకి జరిపింది.

పడవవాడు నాలుగోసారి ఏరు దాటుతున్నాడు. కథ తెలుసు గనక మేస్త్రీకి ఇక పనేమీ లేదు. పనిలేనివాడి కళ్ళు అలవాటైన చోటికే పోతాయి. అతని కళ్ళు పడవ అంచు మీదికి పోయాయి.

"ఏమండీ," అన్నాడు గుసగుసగా. "పడవ మీద తెల్ల గీత చూశారా? నీటిమట్టానికి పైన."

"చూశాను. ఏం?"

"మొదటిసారి దాటినప్పుడు ఆ గీత మొత్తం కనపడింది. ఇప్పుడు కనపడడం లేదు. పడవ రెండు వేళ్ళు ఎక్కువ మునిగింది. మనిషి అతనే, తెడ్డు అదే, పెట్టె అదే."

"అయితే?"

"పెట్టె బరువు పెరిగిందండీ. అంత పడవ రెండు వేళ్ళు దిగాలంటే తక్కువలో తక్కువ ముప్పై కిలోలు చేరుండాలి."

"పుస్తకంలో ఖాళీ అనే ఉంది," అందావిడ. "మూడుసార్లు కుట్టాను. ఖాళీయే."

"పుస్తకం సంగతి నాకు తెలీదు. నీళ్ళు అబద్ధం చెప్పవండి."

ఆవిడ తెరవైపు చూసింది. నిజమే, గీత కనపడడం లేదు. పడవవాడు పెట్టెని కాళ్ళతో ఒడ్డువైపు జరపబోతే అది జరగలేదు. మొదటిసారి చంకలో పెట్టుకుని ఎక్కించిన పెట్టె. ఆ సంగతి పుస్తకంలో లేదు. మొదటి పుస్తకంలో లేదు, ఐదో పుస్తకంలో లేదు, ఆవిడ తన చేత్తో అతికించిన ఏ చివరి పేజీలోనూ లేదు.

"మరి ఏం చేరింది అందులో?" అంది బైండింగావిడ.

"నాకేం తెలుసు? నేను పదకొండు పేజీలే చదివాను."

"ఎవరు పెట్టుంటారు? అతను నిద్రపోయినప్పుడా? లేకపోతే..." ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. ఒక చేత్తో కుర్చీ అంచు పట్టుకుంది, కానీ కుర్చీ ఆవిడ కిందలేదు. "అయ్యో," అంది, చిన్నపిల్ల గొంతుతో. "ఏమండీ, నేను... అయ్యో!"

రెండో చేత్తో మేస్త్రీ మణికట్టు పట్టేసుకుంది. ఆవిడకి అలవాటు లేదు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేస్త్రీకి కూడా పెట్టెలో ఏముందో తెలియదిప్పుడు. అతని అరవై నాలుగు కిలోలూ ఎటు పోయాయో పోయాయి. ఇద్దరూ వరస మీదుగా, పిల్లల మీదుగా, పాప్‌కార్న్ చల్లుకుంటూ పైకి తేలి, బొంతల మధ్య ఒక మూల సర్దుకున్నారు. పోస్టుమాస్టరు కొంచెం జరిగి చోటిచ్చాడు.

అక్కడినుంచి ఆవిడ నోరు ఆగలేదు. రాణిదే ఈ దొంగ పని అని ఒకసారి, కాదు, నీడ పోయిన పిల్లే తన నీడని అందులో దాచుకుందని ఒకసారి, నీడకి బరువుంటుందా మీరే చెప్పండని ఒకసారి. మేస్త్రీ నీడని ఎప్పుడూ తూచలేదన్నాడు. ఆవిడ పగలబడి నవ్వింది. కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఆ కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా అతని మణికట్టు వదల్లేదు.

అవతలి ఒడ్డున పొగమంచులో ఎవరో ఒక మనిషి నిలబడి ఉన్నారు. పడవవాడు తెడ్డు ఆపాడు. అంతే. మిగతా కథ వచ్చే ఏడాది మూడో భాగంలో అని తెర మీద పడింది. హాలంతా ఒక్కసారిగా మూలిగింది. లైట్లు వెలిగాయి. కథ తేలకుండా ఆపేస్తే తమంతట తాము దిగేవాళ్ళెవరూ ఉండరు. కొక్కెం తాత చేతులు దులుపుకుని, ముందు చంటిపిల్లల్ని, తర్వాత పెద్దపిల్లల్ని, తర్వాత పోస్టుమాస్టర్నీ వరసగా దించుకుంటూ వచ్చాడు. తలుపులు తెరిస్తే బయట సాయంత్రపు ఎండ హాల్లో సగందాకా పడింది.

చివరికి వాళ్ళిద్దరూ మిగిలారు. ఆవిడ కిందకి చూసింది. ఎన్నో ఏళ్ళుగా తనొక్కతే కూర్చున్న ఆ వరసలో ఇప్పుడు తన కుర్చీ కూడా ఖాళీగా ఉంది. దాని కింద పదకొండు తూకం రాళ్ళు, పక్కన ఒక మగ చెప్పు.

"అమ్మా," అని పిలిచాడు తాత, మెడ వెనక్కి వంచి. "విడివిడిగా దించనా, కలిపి దించనా? కలిపైతే పెద్ద కొక్కెం కావాలి. అది వెనక గదిలో ఉంది, తెచ్చేసరికి కొంచెం ఆలస్యమవుతుంది."

ఆవిడ ఏమంటుందో మేస్త్రీకి తెలియదు. వెనక బొంత దూది నలిగేంతగా వీపు దానికి నొక్కుకుపోయింది.

ఆవిడ అతని మొహంలోకి చూసింది. తర్వాత కిందకి వంగి కేకేసింది.

"పెద్దదే తీసుకురండి తాతా. మాకేం తొందర లేదు."

తాత చిన్న కర్ర గోడకి ఆనించి వెనక గదివైపు నడిచాడు.